అద్దె గౌను, రబ్బరు టోపీ

మోకా,
14 ఫిబ్రవరి 1993

సునీల్డా,

ఫోటో అందింది. చెప్పుల కొట్టాయన న్యూయార్క్ నుంచి వస్తూ కొత్త బూట్ల మధ్య పెట్టి తెచ్చాడు, అయినా మడత పడలేదు. కవరు దులిపి దులిపి చూశాను, ఉత్తరం ముక్క లేదు. ఒక్కగానొక్క కూతురు పట్టా పుచ్చుకుంటే అక్కకి ముందుగా ఒక మాట చెప్పాలని నీకు తోచలేదా? నాకు వీసా రాకపోతే రాకపోయింది, ఇక్కడే కూర్చుని ఆ గంటకి ఒక కొవ్వొత్తి అయినా వెలిగించుకునేదాన్ని కదా. పరాయివాళ్ళకి పంపినట్టు ఫోటో పంపించి ఊరుకున్నావు.

సరే, కోపం తర్వాత. పిల్ల ఎంత బాగుందే. నల్ల గౌను, నెత్తిన పలక టోపీ, చేతిలో రిబ్బను కట్టిన కాగితం. ముందుగదిలో నాన్న ఫోటో పక్కన మేకు కొట్టించి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. ఇన్నాళ్ళకి దానికి పని దొరికింది.

ఈ ఊళ్ళో ఎవరి పిల్లలు పట్టా పుచ్చుకున్నా కేకు చేసేది నేనే. చక్కెరతో ఆ పలక టోపీలు చేసీ చేసీ, కళ్ళు మూసుకున్నా చెయ్యగలను. రాసే పేరు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరిది. మొన్న మొదటిసారి మన పిల్ల పేరు రాశాను. ఉత్త పేరు కాదు, పట్టా ఉన్నవాళ్ళని పిలిచినట్టు బిరుదుతో సహా, 'లిసెన్సియాదా బెల్కిస్' అని. మధ్యలో అనాస జామ్ పెట్టాను. వీధి వీధంతా వచ్చి తిన్నారు.

ఎదురింటి పెద్దావిడ, దోన్యా ఒఫేలియా కూడా వచ్చింది. ముగ్గురు కొడుకుల గౌను ఫోటోలు వరసగా తగిలించుకుని, వాటి కిందే కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి కదా. రెండు ముక్కలు తిని, "మీ ఇంట్లోనూ ఒకటి పడిందిలే ఇసోలీనా" అంది. పడిందట, చినుకు పడినట్టు. ఈ ఒక్క రోజుకి ఆవిణ్ణి క్షమించాను.

వచ్చే ఆదివారం కృతజ్ఞతా పూజ చెప్పిస్తున్నాను. ఫాదర్ గారు పేరు బిరుదుతో చదువుతారు. ఫోన్ ఉంది కదా అని ఒఫేలియా ఇంటికి మాత్రం చెయ్యకు, ఆవిడ పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటుంది. ఉత్తరం రాయి, పొడుగ్గా రాయి.

మన లిసెన్సియాదాకి దీవెనలు. నీకు మాత్రం ఇప్పుడే కాదు.

అక్క ఇసోలీనా

*

న్యూయార్క్,
27 ఫిబ్రవరి 1993

అక్కా,

ఆ కేకు ఎందుకు చేశావక్కా. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది.

బెల్కిస్ ఇంకా పట్టా పుచ్చుకోలేదు. పట్టాలిచ్చేది జూన్‌లో. ఆ ఫోటో అక్టోబర్‌లో తీసింది. ఇక్కడ అంతే. కాలేజీలో ఒక గదిలో ఫోటో తీసేవాడు కూర్చుంటాడు, పిల్లలు క్లాసుల మధ్యలో వెళ్ళి వరసలో నిలబడతారు. అందరికీ అదే అద్దె గౌను, అదే టోపీ. వేసుకో, నవ్వు, విప్పి వెనక వాళ్ళకివ్వు. చేతిలో ఉన్నది ఉత్త తెల్ల కాగితం. ఎవరు పాసవుతారో ఎవరు పోతారో వాడికేం పని?

పంపింది నేను కాదు, నీ ముద్దుల బెల్కిస్. నేను డ్యూటీలో, నేను చూసుకునే ముసలావిడకి స్నానం చేయిస్తున్నాను. చెప్పులాయన బయల్దేరుతున్నాడని తెలిసి, "పెద్దమ్మ సంతోషిస్తుంది" అని కవరు అంటించి ఇచ్చేసింది. నువ్వు సంతోషిస్తావనుకున్నాం గానీ ఊరుని పిలుస్తావనుకోలేదు.

ఇంకా ఉంది, కూర్చుని చదువు. జూన్‌లోనైనా ఇస్తారో లేదో తెలీదు. ఈ కాలేజీకి ఒక రూలుంది. ఏ చదువు చదివినా సరే, పట్టా ఇచ్చేముందు ఈతకొలనులో ఈ చివర్నుంచి ఆ చివరికి దేన్నీ పట్టుకోకుండా ఈది చూపించాలి. నవ్వకు. కెమిస్ట్రీలో అన్నీ మంచి మార్కులే. ఈ ఒక్కదాన్ని 'వచ్చే టర్మ్‌లో, వచ్చే టర్మ్‌లో' అని తోసుకుంటూ వచ్చింది, నాకు చెప్పకుండా. జనవరిలో దిగి సగం దూరంలో, వరసల మధ్య కట్టిన తాడు పట్టుకుని వేలాడిందట. ఆ కోచ్ "మీ వాళ్ళది ద్వీపం కదా, ఈత రాకపోవడమేంటి" అన్నాడట. ద్వీపమంటే పొద్దున్నే లేచి అందరం సముద్రంలో పళ్ళు తోముకుంటామనుకుంటాడు. మోకాలో సముద్రమెక్కడుంది? నేను మొదటిసారి చూసింది విమానం కిటికీలోంచి.

ఫోటో దించు. పూజ ఇంకా కాకపోతే ఆపు. ఎవరికీ ఏమీ చెప్పకు, ముఖ్యంగా ఆ ఎదురింటావిడకి.

తల పట్టుకుని కూర్చున్న నీ చెల్లెలు,
సునీల్డా

*

మోకా,
12 మార్చి 1993

సునీల్డా,

పూజ అయిపోయింది. ఫాదర్ గారు పేరు రెండుసార్లు చదివారు, మొదటిసారి మైకు పనిచెయ్యలేదని. ఇప్పుడు ఫోటో దించితే ఏమని చెప్పుకోను? మేకు ఊడిందనా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కరెంటు పోతే దీపం దగ్గర పెట్టుకుని మళ్ళీ చదివాను. కెమిస్ట్రీకీ ఈతకీ ఏంటే సంబంధం? సీసాలో మందు కలిపే పిల్ల నీళ్ళలో ఎందుకు దూకాలి? నేను ఎవరికీ చెప్పలేదు. ఒఫేలియాని మామూలుగా ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాను. ఆవిడ రెండోవాడు విర్హీలియో అక్కడే కదా చదివింది, మీ కాలేజీయే కదా. "మా వాడు పట్టా తీసుకున్నప్పుడు ఎవరూ ఈత కొట్టమనలేదే" అంది. విన్నావా?

సునీల్డా, నేను నీ తోడబుట్టినదాన్ని. నాకు ఈతకొలనుల కథలు చెప్పకు. పిల్ల చదువు ఆపేసిందని చెప్పడానికి నీకు నోరు రావట్లేదు, నాకర్థమైంది. ఆ గౌను కూడా పొట్ట దగ్గర వదులుగా ఉందని నేను ముందే అనుకున్నాను. ఎన్నో నెల? కుర్రాడెవరు? మన వాడేనా? దాన్ని ఏమీ అనకు, ఇక్కడికి పంపించెయ్, నేను చూసుకుంటాను.

ఫోటో దించలేదు, ఒక ఉపాయం చేశాను. తపస్సు కాలం కదా, స్వరూపాలకి ఊదా గుడ్డ కప్పే రోజులు వస్తున్నాయి. ఈసారి ముందుగానే కప్పేశాను. మేరీమాతకి ఒక గుడ్డ, పునీత ఆంథోనీకి ఒకటి, మన బెల్కిస్‌కి ఒకటి. ఈస్టర్ దాకా ఎవరూ అడగరు.

నిజం రాయి.

ఇసోలీనా

*

న్యూయార్క్,
24 మార్చి 1993

అక్కా,

పిల్ల కడుపుతో లేదు. మళ్ళీ రాస్తున్నాను, కడుపుతో లేదు. ఆ గౌను మగపిల్లలూ వేసుకునేది, వదులుగా ఉండదా మరి? నీ ఉత్తరం పొరపాటున బెల్కిస్సే ముందు విప్పింది. చదివి పెద్దగా నవ్వింది, తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఒఫేలియా కొడుక్కి ఈత పెట్టారో లేదో నాకు తెలీదు, నాకక్కర్లేదు. అయినా ఎవరికీ చెప్పకు అంటే ఆవిణ్ణి అడుగుతావా?

ఇక్కడ మోకాళ్ళ లోతు మంచు పడింది. ఆ మంచులో ఇది వారానికి మూడు రోజులు మున్సిపాలిటీ వాళ్ళ ఈతకొలనుకి వెళ్తోంది. మిగతావాళ్ళంతా ఆరేడేళ్ళ పిల్లలు. వాళ్ళు కప్పల్లా దూకుతుంటే ఇరవై రెండేళ్ళ మా లిసెన్సియాదా అంచు పట్టుకుని కాళ్ళు కొడుతోంది. ఒక పిల్ల దీనికి ధైర్యం చెప్పిందట, "భయపడకు ఆంటీ, ముక్కు మూసుకో" అని. ఇంటికొచ్చి అన్నం దగ్గర చెప్పి ఏడ్చింది. ఈ వయసుదాకా నీళ్ళ దగ్గరికి పోనివ్వనిది నేనే. బీచ్‌కి వెళ్తానంటే 'చదువుకో' అన్నాను. ఇప్పుడు ఆ నీళ్ళే చదువుకి అడ్డం వచ్చాయి.

మళ్ళీ పరీక్ష పెడుతున్నారు. ఏప్రిల్ 9. అవును, అది గుడ్ ఫ్రైడే, నాకూ క్యాలెండరుంది. అక్కా, మొదలుపెట్టకు. గుడ్ ఫ్రైడే నాడు నీళ్ళలో దిగిన పిల్ల చేపైపోతుందని మామ్మ చెప్పిన కథ నాకు ఉత్తరంలో రాసి పంపకు. నేను రోజూ భూమి లోపల రైల్లో తిరిగే మనిషిని, ఆ మాటలు మానేసి చాలా కాలమైంది. ఇది తప్పితే మళ్ళీ ఆగస్టే. జూన్‌లో వాళ్ళ క్లాసు పిల్లలందరూ గౌన్లేసుకుని నడుస్తుంటే ఇది ఇంట్లో కూర్చోవాలి.

ఓపిక లేని,
సునీల్డా

*

మోకా,
2 ఏప్రిల్ 1993

సునీల్డా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యట్లేదు, రేపు విమానమెక్కే టీచరమ్మ చేతికిస్తున్నాను. పరీక్షకి ముందే నీ చేతిలో పడాలి.

నన్నేమనుకుంటున్నావే నువ్వు? కేకులు చేసుకునే పల్లెటూరి మొద్దు అనుకుంటున్నావా? నేను ఫాదర్ గారినే అడిగాను. ఆయన నవ్వారు. "పిల్లలు నదిలో పడి పోకుండా పెద్దవాళ్ళు కట్టిన కథ అది, ఇసోలీనా. పరీక్ష కోసం దిగితే దేవుడేమీ అనుకోడు" అన్నారు. కాబట్టి పంపించు. నా తరఫునా, మామ్మ తరఫునా, మోకాలో పోయిన ముసలాళ్ళందరి తరఫునా చెబుతున్నాను, పంపించు. మన ఇంట్లో ఒక పిల్ల అంతదాకా వచ్చింది. దానికి అడ్డం నిలబడేదాన్ని నేను కాను.

కడుపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. బెల్కిస్‌కి చెప్పు, పెద్దమ్మకి నోరు ముందు, బుద్ధి తర్వాత అని. ఎర్ర బీన్స్ పాయసం వండాను, కొబ్బరిపాలు ఎక్కువే పోశాను. ఒఫేలియాకి గిన్నె పంపితే తిరిగి గిన్నె ఖాళీగా వచ్చింది, మాట లేదు.

దీవెనలు, ఈసారి నీక్కూడా.

ఇసోలీనా

*

న్యూయార్క్,
20 ఏప్రిల్ 1993

అక్కా,

నీ ఉత్తరం సమయానికే అందింది. బెల్కిస్ పరీక్షకి వెళ్ళలేకపోయింది. ఒంట్లో బాగోలేదు. ఇక ఆగస్టులోనే. నువ్వు అడిగే ప్రశ్నలన్నీ నాకు తెలుసు, ఇప్పుడు అడగకు.

సునీల్డా

*

మోకా,
3 మే 1993

సునీల్డా,

ఒంట్లో బాగోలేనిది ఎవరికో నాకు తెలిసింది.

ఈస్టర్ వెళ్ళాక స్వరూపాల గుడ్డలన్నీ తీసేశారు, చర్చిలో, ఇళ్ళల్లో. మా ముందుగదిలో మాత్రం ఒక్క ఊదా గుడ్డ మిగిలిపోయింది. వచ్చినవాళ్ళందరూ దానివంకే చూస్తారు. "పిల్లకేమైనా అయిందా" అని మెల్లగా అడిగి శిలువ గుర్తు వేసుకుంటున్నారు. బతికున్న పిల్లకి నేనే అలా చేశానా అనిపించింది.

ఇంతలో బెల్కిస్ ఫోన్ చేసింది. ఎక్కడికి? ఒఫేలియా ఇంటికే. నేను పరుగెత్తుకెళ్ళి ఆ మూడు ఫోటోల కింద నిలబడి ఫోన్ పట్టుకున్నాను. పిల్ల ఏడుస్తూ చెప్పింది. ఈత డ్రెస్సు దాచేశావట. తలుపు ముందు కుర్చీ వేసుకుని, జపమాల పట్టుకుని కూర్చున్నావట, పరీక్ష టైము దాటేదాకా. నువ్వు. భూమి లోపల రైల్లో తిరిగే నువ్వు. ఫాదర్ గారు సరే అన్నారు, నేను సరే అన్నాను, మోకా అంతా సరే అంది, న్యూయార్క్‌లో కూర్చుని నువ్వు కాదన్నావు. నాకు నవ్వొచ్చింది, వెంటనే చెప్పు తియ్యాలన్నంత కోపమూ వచ్చింది.

ఆ కోపంలో ఒఫేలియా పక్కనే ఉన్న సంగతి మర్చిపోయాను. "అయితే పట్టా ఇంకా రానట్టేనా తల్లీ?" అని గట్టిగా అనేశాను. ఫోన్ పెట్టి తిరిగేసరికి ఆవిడ నన్నే చూస్తోంది. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. కేకు, పూజ, బిరుదు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇక నాకు ఓపిక లేకపోయింది. "లేదు దోన్యా, పట్టా రాలేదు. ఫోటో ముందే తీశారు. ఈత పరీక్ష మిగిలింది" అని చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేచి నాకు కాఫీ కలిపి ఇచ్చింది. ఆవిడ ఇంట్లో నేను కాఫీ తాగి ఎన్నేళ్ళయిందో.

ఇంటికొచ్చి ఫోటో దించి బీరువాలో పెట్టాను. మేకు ఒక్కటే ఉంది. దారిన పోయేవాళ్ళు అడిగితే "ఇంకా కాలేదు" అంటున్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలి. నువ్వు చేసిన పనికి ఆ మాట అనాల్సింది నేనా?

జవాబు రాయి. ఒంట్లో బాగోలేదని రాయకు.

ఇసోలీనా

*

న్యూయార్క్,
19 మే 1993

అక్కా,

అవును, దాచాను. ఓవెన్లో, పెనాల కింద. ఇల్లంతా వెతికింది గానీ అక్కడ చూడలేదు.

ఆ కథలు నమ్మనని నీకు రాసింది నేనే. ఆ పొద్దున అది బ్యాగు సర్దుకుంటూ పాట పాడుకుంటోంది. నేను కాఫీ పెడుతున్నాను. ఎప్పుడు వెళ్ళానో, ఆ డ్రెస్సు ఎప్పుడు తీశానో నాకే తెలీదు. చేపైపోతుందని కాదక్కా. మునిగిపోతుందని. మామ్మ మాట నోటికొచ్చింది గానీ భయం నాది. ఇన్నేళ్ళూ దాన్ని చదువు చదువు అని తరిమాను, ఏ పరీక్షకీ వెళ్ళొద్దని అనలేదు. ఒక్క దీనికే అడ్డం కూర్చున్నాను. దాని పట్టా నేను తప్ప ఇంకెవరు ఆపినా జుట్టు పట్టుకునేదాన్ని.

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఎవరితోనో చెప్పినట్టు గోడకేసి తిరిగి, "అన్నం పెట్టుకుంటాను" అనేది. అప్పుడొక శనివారం దానితోపాటు ఈతకొలనుకి వెళ్ళాను. ఇప్పుడు ప్రతి శనివారం వెళ్తున్నాను. బెంచీ మీద, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అది తల ముంచినప్పుడల్లా లేచి నిలబడతాను. "అమ్మా, కూర్చో" అని నీళ్ళలోంచి అరుస్తుంది. పిల్లలందరూ నేర్చుకున్నారు, వాళ్ళూ "అమ్మా, కూర్చో" అంటున్నారు.

జూన్‌లో గౌన్లు వేసుకుని నడిచే రోజున మేమిద్దరం తలుపేసుకుని టీవీ పెట్టుకుంటాం. అందరికీ ఇంకా కాలేదని నువ్వు చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు సిగ్గుగా ఉంది.

సునీల్డా

*

న్యూయార్క్,
8 ఆగస్టు 1993

అక్కా,

పాసైంది.

శుక్రవారం పెట్టారు. బయటివాళ్ళు రాకూడదన్నారు. నాకు ఇంగ్లీషు రానట్టు మొహం పెట్టి లోపలికెళ్ళి కూర్చున్నాను. దిగింది. సగందాకా బాగానే వచ్చింది. సగంలో ఆగింది. ఆ తాడు పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. అందరూ దాటుకుని వెళ్ళిపోయారు. నేను లేచి నిలబడ్డాను, కూర్చోమనడానికి దానికి ఊపిరి లేదు. తాడు ముట్టుకోలేదక్కా. వెల్లకిలా తిరిగి, పైకప్పు చూస్తూ కాసేపు తేలింది. మళ్ళీ తిరిగి ఈదింది. అందరికంటే ఆఖర్న వచ్చి గోడ పట్టుకుంది. కోచ్ ఏదో రాసుకుని తల ఊపాడు. అంతే. చప్పట్లు లేవు, పాట లేదు. నేనొక్కదాన్నే అరిచాను, స్పానిష్‌లో, ఏం అరిచానో గుర్తులేదు.

పట్టా పోస్టులో పంపుతారట, కరెంటు బిల్లు పంపినట్టు. గౌను లేదు, నడవడం లేదు. ఇన్నేళ్ళు ఆ రోజు కోసం కొత్త డ్రెస్సు దాచుకున్నాను, అది ఈతకొలనుకి వేసుకెళ్ళాను.

గోడ పట్టుకున్నప్పుడు నేనొక ఫోటో తీశాను. కొంచెం వంకరగా వచ్చింది. నువ్వు నమ్మాలని పంపిస్తున్నాను, ఈసారి ఉత్తరంతో సహా. ఎవరికీ చూపించకు. రబ్బరు టోపీలో తల గుడ్డులా ఉంది, కళ్ళు ఎర్రగా, నోరు తెరుచుకుని, ముక్కులోంచి నీళ్ళు. చూసుకుని చింపెయ్. బీరువాలోంచి గౌను ఫోటో తీసి మళ్ళీ తగిలించు. ఇప్పుడది నిజమే కదా.

నీ చెల్లెలు,
సునీల్డా

*

మోకా,
22 ఆగస్టు 1993

సునీల్డా,

చింపలేదు. అద్దం కట్టించాను. నువ్వు కోప్పడతావని తెలుసు, కోప్పడు.

గౌను ఫోటో బీరువాలోంచి తీశాను. రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. గౌనులో ఉన్న పిల్ల అందంగా ఉంది, నిజమే. కానీ అది నవ్వింది ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు కాబట్టి. రెండో ఫోటోలో ముక్కు కారుతున్న పిల్ల మన పిల్ల. దాన్నే మేకుకి తగిలించాను, నాన్న పక్కన.

కేకు చేశాను. ఈసారి పలక టోపీ పెట్టలేదు, బిరుదు రాయలేదు. నీలం చక్కెర పోసి మధ్యలో 'బెల్కిస్' అని మాత్రం రాశాను. వీధిలో అందరినీ పిలవలేదు, ఒఫేలియాని పిలిచాను.

ఆవిడ వచ్చి ఫోటో ముందు నిలబడింది. "ఇదేంటి ఇసోలీనా, చక్కటి గౌను ఫోటో ఉండగా ఈ తడిసిన పిల్లని తగిలించావు?" అంది.

"ఆ గౌను వరసలో ఎవరు నిలబడ్డా ఇస్తారు దోన్యా. ఈ టోపీ పెట్టుకోవాలంటే నీళ్ళలో దిగాలి" అన్నాను. ఎత్తిపొడవాలని కాదు, నోటికొచ్చింది అనేశాను. నా నోటి సంగతి నీకు తెలుసు కదా.

ఆవిడ నా వైపు చూడకుండానే అంది. "మా విర్హీలియో ఫోటో కూడా అక్టోబర్‌లో తీసిందేనే."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏం లేదు. ఫోటో పంపాడు. నేను తగిలించాను, పూజ చెప్పించాను. ఆ తర్వాత చదువు మానేశాడని రాశాడు. ఊరంతా లిసెన్సియాదో అని పిలుస్తుంటే ఏ మొహంతో రాను అని రావడమే మానేశాడు. ఈత సంగతి నాకెలా తెలుస్తుంది? వాడు అంతదాకా వెళ్తే కదా."

ఇన్నేళ్ళూ ఆ ఫోటో చూసి నేను కుళ్ళుకున్నాను, ఆవిడేమో దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. "రమ్మని రాయండి దోన్యా. గౌను లేకుండానే రమ్మనండి" అన్నాను.

ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, బెల్కిస్‌కి కూడా చెప్పకు. చింపాలనుకుంటే ఈ ఉత్తరం చింపు.

కేకు కోసినప్పుడు పేరు రాసిన ముక్క నేను దాచుకుందామనుకున్నాను. ఆవిడకే పెట్టాను.

ఇసోలీనా